చెరువు నక్షా మన చేతిలో ఉండాలె

(విద్యార్థులు, ఉద్యోగుల కోసం జరిగిన ఒకరోజు అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. గోడ మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడింది కనుక, బొమ్మల్లో ఏమున్నదో అక్కడక్కడ మాటల్లో చేర్చినం.)

బొమ్మలు మొదలుపెట్టే ముందు మీతోని ఒక చిన్న పని చేయిస్త. హైదరాబాదులో నీళ్ల పేరున్న బస్తీలు నాలుగు గుర్తు చేసుకోండి. నల్లకుంట. మాసబ్ ట్యాంక్. బతుకమ్మ కుంట. తమ్మిడికుంట. నల్లకుంటలో కుంట ఎక్కడుండెనో అక్కడ పుట్టి పెరిగిన పిల్లగానికి తెల్వదు. మాసాహెబా పేరు మీద తవ్విన తలాబు పిల్లలాడుకునే పార్కయ్యింది. బతుకమ్మ కుంట మాత్రం నయం, పూడిపోయి చెత్తకుప్పయిన దాన్ని 2025లో మళ్ల తవ్వి నీళ్లు చూపించిండ్రు.

చెరువులు పోయినయన్న మాట మనకు కొత్తది కాదు. ఉద్యమం నడిచినన్ని రోజులు ప్రతి సభలో చెప్పినం, పాట కట్టి పాడినం. గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పండి, మీ ఊరి చెరువు ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, ఏ మూల నుంచి పోయింది అని ఎవరన్నా నిలదీస్తే మనలో ఎంతమంది దగ్గర కాగితం ఉన్నది? కృష్ణా గోదావరి నీళ్ల మీద మనం తలెత్తుకొని వాదించగలిగినమంటే దానికి కారణం ఆర్. విద్యాసాగర్ రావు గారి లాంటి ఇంజనీర్లు టీఎంసీల లెక్కలు మన చేతికియ్యడం. చెరువు మీద, శిఖం మీద, కంచ మీద అంత గట్టి లెక్క ఊరూరికీ తయారు చేసుకోలేదు. ఆవేశం మన దగ్గర దండిగ ఉండె. నక్షా లేకుండె.

ఇయ్యాల నేను మాట్లాడేది ఆ నక్షా గురించే. ఆకాశం నుంచి తీసిన ఫొటోలను, పాత పటాలను ఒకదాని మీద ఒకటి పరిచి భూమి ఎట్ల మారిందో చూసే పని గురించి. ఇది ఇంజనీర్ల విద్య అని భయపడకండి. పహాణి చదవడం వచ్చినోనికి ఇది కూడా వస్తది.

మనదేశంలో విమానం నుంచి భూమి ఫొటోలు తీసే పని చాలా కాలం మూడు చేతుల్లోనే ఉండె. ఒకటి వైమానిక దళం, రెండోది కలకత్తా దమ్‌దమ్‌లోని ఎయిర్ సర్వే కంపెనీ, మూడోది మన బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ. 1974లో పెట్టిన ఆ సంస్థనే 2008లో ఇస్రోలో కలిపి ఎన్ఆర్ఎస్‌సీ అన్నరు. ఉపగ్రహాలు పంపే సంకేతాలు దిగేది మన షాద్‌నగర్‌లో. దేశం ముఖచిత్రం మన గడ్డ మీదికే దిగుతుంటే, మా ఊరి చెరువు ఫొటో మాకు చూపించండంటే రక్షణ శాఖ అనుమతి కావాలన్నరు. ఆ ఫొటోల మీద రహస్యం అనే ముద్ర ఉండేది. విచిత్రం ఏందంటే 1960 నుంచి 1972 దాకా అమెరికా గూఢచారి ఉపగ్రహాలు మనతో సహా చాలా దేశాల మీద తిరుక్కుంట ఫొటోలు తీసినయి. వాటి పేరు కరోనా. రోగం పేరు కాదు, నవ్వకండి, ఆ ఉపగ్రహాల పేరే అది. 1995లో ఆ ఫొటోలను అమెరికా బయటపెట్టింది. అంటే దూరదేశపు గూఢచారి చూడొచ్చు, తూము తెరిచే నీరటి మాత్రం చూడొద్దు. ఇదీ ఆనాటి నీతి.

విమానం ఫొటోను చదివే పరికరాన్ని స్టీరియోస్కోపు అంటరు. విమానం పోతూ పోతూ ఒక ఫొటో మీదికి ఇంకోటి 60 శాతం దాకా ఎక్కేటట్టు తీస్తది. పక్కపక్క రెండు ఫొటోలను ఆ అద్దాల కింద పెట్టి రెండు కండ్లతోని చూస్తే గుట్ట నిజంగా గుట్టలెక్క లేస్తది. చెరువు కట్ట గీత కాదు, కట్టలెక్కనే నిలబడ్తది. నేను మొదటిసారి చూసినప్పుడు వేలు పెట్టి తాకబోయిన, పక్కనున్నాయన నవ్విండు. ఎత్తుపల్లాలు తెలుస్తయి కాబట్టి వాన నీళ్లు ఎటునుంచి ఎటు పోవాలెనో దాంట్లో కనబడ్తది. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులను అర్థం చేసుకోవడానికి దానికి మించిన పాఠం లేదు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకు, అది నిండితే ఇంకో కుంటకు. నడుమ ఒక్క కుంటను పూడ్చి ప్లాట్లు చేస్తే కింద ఐదు చెరువులు ఎందుకు ఎండుతయో, వాన గట్టిగ పడ్డప్పుడు ఆ ప్లాట్లే ఎందుకు మునుగుతయో ఫొటోలో చేతితో చూపించొచ్చు.

సరే, ఆ రోజులు మారినయి. సర్వే ఆఫ్ ఇండియా పటాల విధానం 2005లో కొంత సడలింది. 2017 నుంచి నక్షే అనే పోర్టల్‌లో టోపోషీట్లు ఉచితంగా పెట్టిండ్రు. 2021 ఫిబ్రవరిలో పటాలు తయారుచేసుకోవడం మీదున్న ముందస్తు అనుమతుల బెడద చాలా మట్టుకు తీసేసిండ్రు. గూగుల్ ఎర్త్ 2005లో వచ్చింది. పాత తేదీల ఫొటోలను వెనక్కి జరిపి చూసే వీలు 2009 నుంచి ఉన్నది. అదే ఏడు ఇస్రో వాళ్ల భువన్ వచ్చింది. అమెరికా ల్యాండ్‌శాట్ ఫొటోలు 1972 నుంచి ఉన్నయి, 2008 నుంచి అన్నీ ఉచితం. వీటిని పరిచి కొలిచే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కు కూడా పైస లేదు. కాబట్టి ఇగ మనకు సాకు లేదు.

ఇప్పుడు గోడ మీద చూడండి. ఇది 1:50,000 టోపోషీటు. హైదరాబాదు 56కె షీటులో వస్తది. దీని మీద ఒక సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. నిలువు సెంటీమీటరు, అడ్డం సెంటీమీటరు గడి అంటే 62 ఎకరాలు. అగ్గిపుల్ల తలకాయంత నీలి చుక్క ఉన్నది చూడండి, అది దాదాపు రెండున్నర ఎకరాల కుంట. పటం చూసేటోడు దాన్ని మరక అనుకొని వదిలేస్తడు. ఆ ఊర్లో దాని కింద బతికిన నాలుగు కుటుంబాలు వదిలెయ్యవు.

ఉపగ్రహం ఫొటో చుక్కలతోని అల్లిన చాప లాంటిది. ఒక్కో చుక్కకు ఒక్కటే రంగు. ఆ చుక్క నేల మీద ఎంత జాగనో తెల్వకుండ కొలతలు తీస్తే మోసపోతం. లెక్కను మనోళ్లకు అర్థమయ్యే గుంటల్లో చెప్త. మొదటి ల్యాండ్‌శాట్ చుక్క దాదాపు 80 మీటర్లు, అంటే ఎకరంన్నర. అంతకన్న చిన్న కుంట దానికి కనబడనే కనబడదు. 1988లో మనం పంపిన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహంలో మంచి కెమెరా చుక్క 36 మీటర్లు, అంటే 13 గుంటలు. 1980ల నుంచి వచ్చిన ల్యాండ్‌శాట్ కెమెరాలది 30 మీటర్లు, 9 గుంటలు. 2015లో ఐరోపా వాళ్లు పంపిన సెంటినెల్-2 చుక్క 10 మీటర్లు, అచ్చం ఒక గుంట. ఇగ కార్టోశాట్ లాంటివాటిలో ఇల్లు ఇల్లుగనే కనబడ్తది.

ఈ గుంటల లెక్క ఎందుకు చెప్పిన్నంటే, 25 ఎకరాలకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత అవతల 30 మీటర్ల బఫర్ ఉండాలె, అంతకు తక్కువ చెరువుకైతే 9 మీటర్లు. ల్యాండ్‌శాట్‌లో ఆ 30 మీటర్లు ఒక్క చుక్క. 9 మీటర్లు ఒక చుక్కలో మూడో వంతు. ఆ ఫొటో పట్టుకొని పోయి 'నీ ఇంటి గోడ బఫర్‌లో ఉన్నది' అని ఎవరన్నా అంటే అది అబద్ధమే. దానికి నేల మీద యంత్రంతోని సర్వే చెయ్యాలె. మన పిల్లలు ఉత్సాహంలో ఈ తప్పు చేస్తున్నరు. ఫోన్లో ఎర్ర గీత గీసి, ఫలానాయన కబ్జా అని వాట్సప్‌లో పంపుతున్నరు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా ఐదు పది మీటర్లు అటుఇటు చూపిస్తది. పాత టోపోషీటును కొత్త ఫొటో మీద పరిచేటప్పుడు ఇంకో చిక్కున్నది. పాత పటాలకు వాడిన భూమి ఆకారపు లెక్క వేరు, ఇప్పటి జీపీఎస్ లెక్క వేరు. దాన్ని సరిచెయ్యకుండ పరిస్తే పటం మొత్తం వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతది. చెరువు పక్కోని చెల్క మీదికెక్కి కూసుంటది! అందుకే మార్పులేని గుర్తులు నాలుగైదు పట్టుకోవాలె. పాత గుడి, దర్గా, రైలు పట్టా దాటే జాగ, మత్తడి రాయి. అవి రెండింట్లోనూ ఒక్క దగ్గర కలిసినంకనే కొలత.

రంగుల సంగతి. శాస్త్రవేత్తలు వాడే ఫొటోల్లో చెట్టూ పంటా ఎర్రగ ఉంటయి, నీళ్లు నల్లగ ఉంటయి. మొదట వింతగ అనిపిస్తది గని మంచి పద్ధతి, ఎందుకంటే మన కంటికి అందని కిరణాల్లో ఆకు బాగా మెరుస్తది, దాన్ని ఎర్ర రంగుతోని చూపిస్తరు. ఇప్పుడు ఈ బొమ్మ చూడండి. చెరువు నడుమ ఎర్రగ ఉన్నది. పంటనా? కాదు, గుర్రపుడెక్క. మురికినీళ్లు వదిలిన చెరువులన్నిట్లో ఇదే కథ. కంప్యూటర్‌ను లెక్కపెట్టమంటే దాన్ని పచ్చని పొలం కింద రాసేస్తది, చెరువు పోయిందంటది. చెరువు పోలే, మురికి చేసిండ్రు. రెండూ నేరాలే, కాని వేరే వేరే నేరాలు.

ఇంకో ముఖ్యమైన మాట, శిఖం సాగు. ఎండాకాలం నీళ్లు తీసినంక చెరువు లోపలి తడిలో పుచ్చ, దోస, జొన్న వేసుకునుడు మన ఊర్లలో తాతల కాలం నుంచి ఉన్నది. ఏప్రిల్ ఫొటోలో చెరువు లోపల పంట కనబడంగనే కబ్జా అనొద్దు. అక్టోబర్ ఫొటో చూడండి. వానాకాలం అయిపోయినంక కూడా అక్కడ నీళ్లు రాకుండ కట్ట పోసుకున్నడా, మట్టి నింపిండా, అది కబ్జా. ఒక్క ఏడు చూసి కూడా తీర్పు చెప్పొద్దు. కరువు ఏడు ఫొటోను, వానలు దంచిన ఏడు ఫొటోను పక్కపక్కన పెట్టి 'చూడండి ఎంత ఎండింది' అనే ప్రచారం చేసేటోళ్లుంటరు, మనోళ్లలోనూ ఉంటరు. చెరువు అసలు విస్తీర్ణం తెలియాలంటే పెద్ద వాన పడ్డ ఏడు వెతకాలె. హైదరాబాదుకు 2000 ఆగస్టు 24 నాటి వాన, 2020 అక్టోబర్ వరదలు అట్లాంటి సాక్షులు. మబ్బు అడ్డముంటే రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 ఉన్నది, అది మబ్బును దాటి చూస్తది. 2003 మే తర్వాతి ల్యాండ్‌శాట్-7 ఫొటోల్లో నల్ల చారలు వస్తయి, యంత్రం చెడిపోయింది. అవి కాల్వలు కావు.

వీటన్నిటికన్న పెద్ద మాయ మత్తడి దగ్గర జరుగుతది. చెరువు పూర్తి నీటిమట్టాన్ని నిర్ణయించేది మత్తడి ఎత్తు. రాత్రికి రాత్రి దాన్ని రెండు అడుగులు పగలగొడితే నీళ్లు అక్కడికే ఆగి, పై అంచు భూమంతా దానంతటదే 'ఎండిపోయిన పట్టా' అయితది. బుల్డోజర్ అక్కర్లేదు, మట్టి లారీ అక్కర్లేదు. ఆకాశం ఫొటోలో నీళ్లు తగ్గినయని మాత్రమే ఉంటది. పారతోని కొట్టినోడు ఎవడో ఉండదు. అది చెప్పేది నీరటి కుటుంబం, కింది ఆయకట్టు రైతు. అందుకే ఫొటో పట్టుకొని ఊర్లోకి పోయి వాళ్ల ముందట పరిచి అడగాలె. ఒక ఊర్లో మేము అట్ల పరిస్తే ఒక ముసలాయన ఫొటో తలకిందులు పట్టుకొనే 'ఇది మా చెరువు కాదు, మాది తూర్పు దిక్కు తూము' అన్నడు. తిప్పి పెట్టంగనే, ఇప్పుడు కాలనీ ఉన్న జాగలో పాత కట్టుకాల్వ ఏ వంపు తిరిగి వచ్చేదో వేలితో గీసిండు. తర్వాత పాత టోపోషీటు తెరిచి చూస్తే అదే వంపు.

ఫొటోకు జోడీ కావల్సింది రికార్డు. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణి, గ్రామ నక్షా. ఖాస్రాలో శిఖం అని ఉన్న సర్వే నంబరు ఏ ఏడు నుంచి పట్టాగా మారిందో చూడండి, ఆ ఏటి ఫొటో తియ్యండి. వ్యవసాయ భూమిని వేరే అవసరాలకు మార్చడానికి 2006లో చట్టం వచ్చింది, జనం నాలా అంటరు. మార్పిడి కాగితం తేదీకి రెండేండ్ల ముందే ఫొటోలో ఎర్రమట్టి రోడ్లు గళ్లు గళ్లుగ కనబడ్తే, పొలం ముందు పోయింది, అనుమతి తర్వాత వచ్చిందన్నమాట. రెవెన్యూలో పనిచేసే మిత్రులు ఈ సభలో ఉన్నరు, ఇది వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. పేరు ఏదైనా కంప్యూటర్‌లో ఉండేది ఇయ్యాల ఎవరి పేరున్నదనే. నిన్న ఏముండెనో చెప్పేవి పాత కాగితం, పాత ఫొటో.

ఇప్పుడు కొంచెం నొప్పి పెట్టే మాట చెప్త.

ఒక తమ్ముడు నన్ను అడిగిండు, 'అన్నా, 1956 నుంచి 2014 దాకా చూపిస్తే సరిపోతది కదా, సమైక్య పాలన చేసిన విధ్వంసం తెలుస్తది. అటుపై ఎందుకు' అని. అడిగిన తమ్ముడు లాఠీదెబ్బలు తిన్నోడు, అతని నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. కాని మిత్రులారా, ఉపగ్రహానికి 2014 జూన్ 2 తెల్వదు. అది జూన్ 1న తిరిగింది, జూన్ 3న కూడా తిరిగింది. సమైక్య పాలనలో చెరువుల కింది సాగు పడిపోయి బోర్ల కింది సాగు పెరిగింది, రైతు వేల అడుగుల అప్పులోకి దిగిండు, ఇది నిజం. 2006లో హుడా కోకాపేట భూములను వేలమేస్తే మా భూములు అమ్ముకుంటున్నరని మనం మాట్లాడినం, అదీ నిజం. రాష్ట్రం వచ్చినంక 2015 మార్చిలో సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలై వేల చెరువుల్లో పూడిక తీసిండ్రు, ఊర్ల ఫొటోల్లో దాని గుర్తులు వెతికి చూడాలె, ఎక్కడ ఫలితం ఉన్నదో అక్కడ ఉన్నదని రాయాలె. అదే కోకాపేటలో 2021లో, 2023లో మన రాష్ట్ర ప్రభుత్వమే వేలమేసింది, 2023 ఆగస్టులో ఎకరం వంద కోట్లు దాటింది. ఇది కూడా అదే ఫొటోల వరుసలో ఉన్నది. 2014 దగ్గర కత్తెర పెడితే మన మాట ఇంకెవరూ నమ్మరు. 1956కు ముందే ఎండిపోయిన కుంట కనబడినా దాచొద్దు. నిజాం జమానాలో పోయినదాన్ని ఆంధ్ర పాలకుల ఖాతాలో రాస్తే, నిజంగా వాళ్లు ముంచినవి కూడా అబద్ధాలయిపోతయి.

ఇగ కంచ సంగతి. కంచ అంటే పశువులు మేసే బయలు, గొల్లకురుమల గొర్ల మంద తిరిగే జాగ. కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ, పేర్లలోనే ఉన్నది. 2000లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, ఎన్ఆర్ఎస్ఏ కలిసి ఉపగ్రహ చిత్రాలతోని దేశంలో బంజరు భూముల అట్లాసు వేసిండ్రు. పని గొప్పదే. కాని దాంట్లో పొదలున్న నేల, రాళ్ల గుట్ట, మేత బయలు చాలా మట్టుకు బంజరు అనే మాట కిందికి వచ్చినయి. పటం మీద ఒక రంగు పూసి దానికి ఒక పేరు పెట్టంగనే అది శాస్త్రం అయిపోతది. ఆ పేరు చూసినోడు 'ఉత్తగ పడున్నది, కంపెనీకిద్దాం' అంటడు. గొర్ల కాపరిని అడిగితే అది ఉత్తగ లేదు. భూమి మీద ఏమున్నదో ఫొటో చెప్తది. ఆ భూమితోని ఎవరు బతుకుతున్నరో చెప్పదు. భువన్‌లో 2005-06, 2011-12, 2015-16 సంవత్సరాల భూ వినియోగ పటాలు తయారుగ ఉన్నయి. విద్యార్థులు వాటితోని మొదలుపెట్టండి, కాని ప్రతి రంగు కింద ఎవరి బతుకున్నదో మీరే పోయి రాసుకోండి.

కంచ గచ్చిబౌలిలో 2025లో జరిగింది మీకు యాదికున్నది. సెంట్రల్ యూనివర్సిటీ మనకు ఊరికే రాలేదు. 1973 ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో వచ్చింది. దాని పక్కనున్న 400 ఎకరాలను సమైక్య ప్రభుత్వం ఒకప్పుడు ఒక క్రీడా కంపెనీకి రాసిచ్చింది, 2006లో రద్దయ్యింది, కోర్టుల్లో నడిచి నడిచి 2024లో రాష్ట్రం గెలిచింది. గెలిచిన రాష్ట్రమే 2025 మార్చి చివర బుల్డోజర్లు పంపింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేతను ఆపింది. ఆ నడుమ ఏమైంది? నెమళ్లు, జింకలు పారిపోతున్న బొమ్మలు ఊరంతా తిరిగినయి. కృత్రిమ మేధతోని తయారుచేసిన బొమ్మలు తిప్పుతున్నరని ప్రభుత్వం అన్నది. అట్లాంటి బొమ్మ ఒక్కటి దొరికినా చాలు, నిజంగా నరికిన చెట్ల సంగతి పక్కకు పోయి చర్చంతా ఆ బొమ్మ మీద నడుస్తది. మరి ఆ వాదానికి అందనిది ఏంది? తేదీ ఉన్న ఉపగ్రహ ఫొటో. సెంటినెల్-2 రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి అదే జాగ మీదికి వస్తయి. మార్చి నడుమ ఎట్లున్నది, ఏప్రిల్ మొదట ఎట్లున్నది, ఎన్ని గుంటలు పోయినయి, ఎవరైనా, ఎక్కడి నుంచైనా, మళ్ల అదే ఫొటో దించుకొని సరిచూసుకోవచ్చు. నేను చెప్పినానని నమ్మాల్సిన పని లేదు.

అది అడవి కాదు, రికార్డుల్లో ఎక్కడా అడవి అని లేదు, ఇదీ ప్రభుత్వం వాదన. కాని 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, అడవి అంటే రికార్డుకెక్కినదే కాదు, మాట అర్థం ప్రకారం అడవిగా ఉన్నదంతా అడవే అన్నది. అంటే ఇక్కడ కాగితం కన్న నేల మీద ఏమున్నదన్నదే లెక్క. అందుకే ముప్పై నలభై ఏండ్ల ఫొటోల వరుస అంత విలువైంది. దాంట్లో మళ్ల నిజాయితీ కావాలె. ఆ పచ్చదనం చింతనా, వేపనా, సుబాబుల్‌నా ఉపగ్రహం చెప్పదు. వృక్షశాస్త్రం చదివే పిల్లలు లోపలికి నడవాలె.

చివరికి ఇల్లు కూలినోళ్ల గురించి ఒక మాట చెప్పకుండ పోలేను. 2024 జూలైలో హైడ్రా పెట్టిండ్రు. చెరువులను కాపాడాలంటే కఠినంగనే ఉండాలె, దాంట్లో నాకు రెండో మాట లేదు. కాని కూల్చిన ఇంట్లో ఉన్నది ఎక్కువసార్లు ఆఖరున కొన్నోడు. రిజిస్ట్రేషన్ చేసిన ఆఫీసున్నది, కరెంటు మీటరు ఇచ్చినోళ్లున్నరు, బ్యాంకు అప్పిచ్చింది. ఫొటోల వరుసలో మట్టి ఎప్పుడు పోసిండ్రో, లేఅవుటు రోడ్లు ఎప్పుడు వేసిండ్రో తేదీతో సహా ఉన్నది. ఆ తేదీన ఆ సర్వే నంబరు ఎవరి పేరున్నది, సంతకం పెట్టిన అధికారి ఎవరు అని వెతికితే ముందుగాల దొరకాల్సినోళ్లు వేరే ఉంటరు. ఆ ఫొటో కూలగొట్టేటోని చేతిలోనే ఎందుకుండాలె? ఇల్లు పోయినోని చేతిలో కూడా ఉండాలె.

పని ఇది. ఒక్కొక్కరు మీ సొంత ఊరి చెరువును, ఒక్కదాన్నే, తీసుకోండి. పాత టోపోషీటు, 1990 ప్రాంతపు ల్యాండ్‌శాట్, 2000, 2014, ఇప్పటిది. అన్నీ అక్టోబర్, నవంబర్ నెలలవే. ఖాస్రా నకలు కోసం తహశీల్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, రసీదు జాగ్రత్త చేసుకోండి. మత్తడి దగ్గర నిలబడి ఫొటో తియ్యండి, దాని పొడుగు, ఎత్తు టేపుతోని కొలిచి రాసుకోండి, పక్కన ఊరోళ్లు ఇద్దరు ఉండాలె. క్యూజీఐఎస్ రానోళ్లు మధ్యాహ్నం భోజనం అయినంక ఆగండి, రెండు ల్యాప్‌టాపులు తెచ్చినం, నేర్పిస్తం. ఊర్ల నీరటి పని చేసిన కుటుంబం ఉంటే వాళ్ల దగ్గరికి ఈ నెలలోనే పొండి. ఆ తరంలో చాలామందికి ఇప్పుడు ఎనభై దాటినయి.